ఆ ఆరు గీతలు మన తలరాత కాదు

మా పల్లెలో ఒక చిన్నాయన ఉన్నాడు. అరవై దాటినవాడు. చిన్నప్పుడు పాలేరుతనం, ఆ తర్వాత కూలి. మూత్రం ఎర్రగా పోతుంటే ఒంట్లో వేడి చేసిందనుకుని ఏడాదిపాటు బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు తాగాడు. ఆర్.ఎం.పి. సూదులేశాడు. నొప్పి లేదు కాబట్టి పనికి పోవటం మానలేదు. చివరికి దగ్గులో నెత్తురు పడితే కొడుకు పట్నం తీసుకుపోయాడు. కిడ్నీలో క్యాన్సర్ గడ్డ ఉందనీ, ఊపిరితిత్తులకు పాకిందనీ తేల్చారు. కొడుకుని పక్కకు పిలిచి "ఇంటికి తీసుకుపోండి" అన్నారు. చేతిలో ఇంగ్లీషు కాగితాల కట్ట పెట్టి పంపారు.

ఆ కట్ట పట్టుకుని చిన్నాయన మా దగ్గరకొచ్చాడు. బ్యాంకు నోటీసైనా, కోర్టు సమనైనా, పల్లెలో ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా బడిపంతుళ్ళమని మా దగ్గరకే వస్తుంది.

"అబ్బాయ్, ఇందులో నాకింకా ఎన్నాళ్ళుందో రాశారంటగా. డాక్టరు నాతో చెప్పలా. నువ్వన్నా చదివి చెప్పు" అన్నాడు.

కాగితం చివర రెండే మాటలున్నాయి. 'పూర్ రిస్క్'. పూర్ అంటే బీద అని ఏళ్ళ తరబడి పిల్లలకు చెబుతున్నాం. వైద్యుల భాషలో అక్కడ బీద అని అర్థం కాదు. ప్రమాదం ఎక్కువ, బతికే కాలం తక్కువ అని అర్థం. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తర్వాత తెలిసిన డాక్టర్లను అడిగాం. పుస్తకాలు తిరగేశాం. తెలుసుకున్నకొద్దీ ఆ రెండర్థాల మధ్య దూరం తగ్గుతూ వచ్చింది. అదే మన జనానికి చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మార్కరంటే ఏమిటి?

ముందుగా ఒక సంగతి. శ్రీకాకుళం ఉద్దానంలో మనోళ్ళను పొట్టన పెట్టుకుంటున్న కిడ్నీ జబ్బు వేరు. అందులో కిడ్నీలు మెల్లమెల్లగా పనిచేయటం మానేస్తాయి. మేం చెప్పేది కిడ్నీలో పుట్టే క్యాన్సర్ గడ్డ గురించి.

ప్రోటీన్లను బడిలో మాంసకృత్తులని చెబుతాం. పప్పులో, గుడ్డులో, మాంసంలో ఉంటాయని రాయిస్తాం. మన ఒంట్లో ప్రతి కణమూ తనకు కావలసిన ప్రోటీన్లను వేల రకాలుగా తయారుచేసుకుంటుంది. కణంలో కూలిపని చేసేవీ అవే, కాపలా కాసేవీ అవే. క్యాన్సర్ పట్టిన కణంలో కొన్ని ప్రోటీన్లు మితిమీరి పెరుగుతాయి. కొన్ని మాయమైపోతాయి. ఆ హెచ్చుతగ్గులు చూసి, ఇలాంటి గడ్డ ఉన్నవాళ్ళు ఎంతకాలం బతుకుతున్నారో లెక్క కడతారు. అలా ఆనవాలుకు పనికొచ్చే ప్రోటీన్ని మార్కరంటారు.

దీన్ని చూసే పద్ధతి పెద్ద మాయేం కాదు. ఆపరేషన్లో తీసిన గడ్డ ముక్కను మైనంలో బిగిస్తారు. ఉల్లిపొర కంటే సన్నగా కోస్తారు. గాజుపలక మీద పెట్టి, ఒక్కో ప్రోటీన్‌కే అతుక్కునే మందు పోస్తారు. ఆ ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. మైక్రోస్కోపులో ఎన్ని కణాలకు రంగు పట్టిందో చూస్తారు.

1983లో జర్మనీలోని కీల్ నగరంలో కనిపెట్టిన కెఐ-67 అనే ప్రోటీన్ ఉంది. ఊరి పేరే దానికీ పెట్టారు. రెండుగా చీలుతున్న కణాల్లోనే అది కనిపిస్తుంది. రంగు ఎక్కువ పట్టిందంటే గడ్డ వేగంగా పెరుగుతోందన్న మాట. బిఎపి-1 అనేది గడ్డ పెరక్కుండా కాపలా కాసే ప్రోటీన్. పిబిఆర్ఎం-1 ఇంకో కాపలాదారు. అమెరికాలో డల్లాస్ వైద్యులు 2013లో ఈ రెంటినీ పోల్చి చూశారు. వాళ్ళ రోగుల్లో బిఎపి-1 జన్యువు చెడినవాళ్ళు నడిమి లెక్కన 4.6 ఏళ్ళు బతికితే, పిబిఆర్ఎం-1 చెడినవాళ్ళు 10.6 ఏళ్ళు బతికారు. ఒకే పేరున్న జబ్బులో ఇంత తేడా ఉంది. బి7-హెచ్1 అనే ఇంకో ప్రోటీన్ మన రోగనిరోధక కణాల కళ్ళు గప్పుతుంది. అది ఎక్కువున్న కిడ్నీ గడ్డలు ఎక్కువ ప్రమాదకరమని 2004లో మేయో క్లినిక్ వాళ్ళు చూపించారు. ఆ కళ్ళుగప్పే ఆటను కట్టించే మందు నివోలుమాబ్‌కు 2015లో అమెరికాలో కిడ్నీ క్యాన్సర్ వైద్యానికి అనుమతి వచ్చింది. ఆనవాళ్ళ వెతుకులాట మందుకు దారి చూపిందంటే ఇలాగే.

కాబట్టి మేం ఈ శాస్త్రానికి శత్రువులం కాదు. రోగం పూర్వజన్మ పాపమని, కర్మఫలమని వేల ఏళ్ళు మన నెత్తిన రుద్దినవాళ్ళకు సమాధానం ఈ గాజుపలక మీద గోధుమరంగే. అక్కడ కులం కనపడదు, పాపం కనపడదు. కణం కనపడుతుంది.

వాడేది ఆరు గీతలే

ఇన్ని ప్రోటీన్లు కనిపెట్టినా, గడ్డలో చూసే ఈ మార్కర్లలో ఏదీ ఈనాటికీ రోజువారీ వైద్యంలో అందరూ ఒప్పుకున్న కొలబద్ద కాలేదు. ఒక ఆసుపత్రిలో సరిపోయిన లెక్క ఇంకో ఆసుపత్రిలో సరిపోకపోవటం పరిపాటి. కాబట్టి ఖరీదైన ప్రోటీన్ పరీక్ష, జన్యు పరీక్ష చేయించుకుంటే మీ ఆయుష్షు చెబుతామని ఎవడైనా అంటే, దాంతో వైద్యం మారుతుందా అని ముందు అడగండి. మారదంటే ఆ డబ్బు మందులకు దాచుకోండి.

క్యాన్సర్ ఒళ్ళంతా పాకిన రోగి విషయంలో వైద్యులు నిజంగా వాడేది మామూలు రక్తపరీక్షలతో తేలే లెక్క. న్యూయార్క్‌లో ఒక క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులు 1975 నుంచి 1996 దాకా వైద్యం చేసిన 670 మంది రోగులను లెక్కలోకి తీసుకుని 1999లో మొదటి పట్టిక ప్రకటించారు. రక్తంలోని ఎల్.డి.హెచ్. అనే ప్రోటీన్ అందులో ఒక మార్కరు. 2009లో అమెరికా, కెనడా ఆసుపత్రుల 645 మంది రోగులతో ఇంకో పట్టిక తయారైంది. ఇప్పుడు ప్రపంచమంతా ఎక్కువగా వాడేది ఇదే. అందులో గుర్తులు ఆరు. ఒక్కోదానికి ఒక్కో గీత.

పనిచేసుకునే శక్తి నూటికి ఎనభై కంటే తక్కువుంటే ఒక గీత. జబ్బు తేలిన రోజునుంచి మందు మొదలుపెట్టిన రోజుకు ఏడాది కూడా లేకపోతే ఒక గీత. హిమోగ్లోబిన్ తక్కువుంటే ఒక గీత. కాల్షియం ఎక్కువుంటే ఒకటి. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ ఎక్కువుంటే ఒకటి. ప్లేట్‌లెట్లు ఎక్కువుంటే ఒకటి. హిమోగ్లోబిన్ ప్రోటీనే. కాల్షియం లెక్కను సరిచేసుకునేది కూడా అల్బుమిన్ అనే ప్రోటీన్‌ని చూసే.

ఒక్క గీతా లేనివాళ్ళు మంచి గుంపు. ఒకటి, రెండు గీతలవాళ్ళు నడిమి గుంపు. మూడు, అంతకు మించితే పూర్ రిస్క్. ఆ 2009 లెక్కలో రెండేళ్ళు దాటి బతికినవాళ్ళు మంచి గుంపులో నూటికి 75 మంది, నడిమి గుంపులో 53 మంది, పూర్ గుంపులో 7 మంది. అంటే నడిమి గుంపుకూ పూర్ గుంపుకూ మధ్య 53కూ 7కూ ఉన్నంత అగాధముంది. ఏ మందు ఇవ్వాలి, కిడ్నీ తీయాలా వద్దా అనేదానికి కూడా ఈ గుంపే ఆధారం.

గీతల్లో దూరిన ఆకలి

ఇప్పుడు ఆ గీతలను మన పల్లెలోకి తెచ్చి చూద్దాం.

హిమోగ్లోబిన్ సంగతి. క్యాన్సర్ ఒళ్ళంతా పాకితే రక్తం తగ్గుతుంది. అందుకే దాన్ని చెడు గుర్తుగా పెట్టారు. న్యూయార్క్‌లో బాగా తిని తిరుగుతున్న మనిషికి రక్తం తగ్గిందంటే క్యాన్సర్ వల్లనే అనుకోవచ్చు. మన దగ్గరో? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మంది, తెలంగాణలో 57.6 మంది. అది అన్ని కులాలనూ కలిపిన సగటు. మన వాడల్లో అంతకంటే తక్కువుంటుందని ఎవరన్నా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా? మన ఆడోళ్ళలో సగానికి పైగా క్యాన్సర్ రాకముందే ఒక గీత గీయించుకుని ఉన్నారు. ఆ గీత గీసింది క్యాన్సర్ కాదు, కూలిరేటు. పెద్దకూర తింటే అంటరానోళ్ళన్నారు. ఇప్పుడు తిననివ్వకుండా దాడులు చేస్తున్నారు. బడిలో పిల్లలకు గుడ్డు పెట్టటానికి కూడా కొన్ని రాష్ట్రాల్లో మడి అడ్డమొచ్చింది. మన పళ్ళెంలో మాంసకృత్తిని చూసి ముక్కు మూసుకున్న దేశం, మన నెత్తుట్లో మాంసకృత్తి తక్కువైందని గీత గీస్తోంది.

ప్లేట్‌లెట్ల సంగతి. ఒంట్లో ఇనుము లోపించినప్పుడు ప్లేట్‌లెట్లు పెరగటం కద్దు. వైద్య విద్యార్థులకు కూడా తెలిసిన ముచ్చటే. అంటే ఒకే ఆకలి రెండు గీతలు గీయగలదు.

ఏడాది గీత సంగతి. ముందుగానే జబ్బు పట్టుబడి, కిడ్నీ తీయించుకుని, మూడు నాలుగేళ్ళు బాగుండి, ఆ తర్వాత పాకితే ఆ క్యాన్సర్ నెమ్మదైనదని అర్థం. తేలేసరికే పాకి ఉంటే వేగమైనదని అర్థం. అక్కడి లెక్క అది. అక్కడ వేరే పనికి కడుపు స్కానింగ్ తీసినా చిన్న గడ్డ పట్టుబడుతుంది. మన చిన్నాయనకు ఏడాదిపాటు ఎర్రమూత్రం పోతున్నా స్కానింగ్ మొహం చూపించినవాడు లేడు. ఆయన క్యాన్సర్ వేగమైనదో, మన ఆసుపత్రి దూరమైనదో ఆ గీతకు తెలియదు.

పనిచేసే శక్తి సంగతి. 1940ల్లో కార్నోఫ్‌స్కీ అనే అమెరికా డాక్టరు తయారుచేసిన కొలత అది. రోగిని చూసి, అడిగి, డాక్టరు అంకె వేస్తాడు. ఎక్కడి పని? బల్ల ముందు కూర్చుని చేసే పనా, ఎండలో వంగి నాట్లేసే పనా? ఓపీలో వందమంది వరసలో నిలబడి, పొద్దున్నుంచి తిండి లేక, బల్ల మీద వాలిపోయిన మనిషికి ఏ అంకె పడుతుంది?

ఇలా ఆరింట్లో నాలుగు గీతల్లోకి బీదతనం దూరగలదు. మూడు గీతలు పడితే పూర్ రిస్క్. పూర్ అన్నమాటకున్న రెండర్థాలు కలిసిపోయేది ఇక్కడే.

ఎదురు మాట కూడా మేమే చెబుతాం. రక్తం ఏ కారణంగా తగ్గినా మనిషి బలహీనుడే, మందు తట్టుకోవటం కష్టమే. ఆలస్యంగా వచ్చిన క్యాన్సర్ నిజంగానే ముదిరిన క్యాన్సర్. గీత అబద్ధమని మేం అనటం లేదు. కారణం తెలుసుకోకుండా గీత గీస్తే తప్పంటున్నాం. క్యాన్సర్ వల్ల తగ్గిన రక్తాన్ని సరిచేయటం కష్టం. ఇనుము లేక తగ్గిన రక్తాన్ని మందుతో, తిండితో సరిచేయొచ్చు. సరిచేయగలిగినదాన్ని తలరాతగా రాసి చేతులు దులుపుకోవటమే మేం కాదనేది.

ఎవరి ఒంటి నుంచి తీసిన లెక్క?

గడ్డ ప్రోటీన్ల పరిశోధనల్లోనూ ఇదే కథ. అమెరికా ప్రభుత్వ పథకం ఒకటి 400కు పైగా కిడ్నీ గడ్డలను విప్పి చూసి 2013లో ఫలితాలు ప్రకటించింది. స్వీడన్ శాస్త్రవేత్తలు 2017లో ప్రకటించిన క్యాన్సర్ ప్రోటీన్ల పటం కూడా రోగుల బతుకు లెక్కలకు ఎక్కువగా ఆ అమెరికా పథకం మీదే ఆధారపడింది. అందులో కిడ్నీ గడ్డలిచ్చిన రోగుల్లో అత్యధికులు తెల్లవాళ్ళు. నల్లవాళ్ళు కొద్దిమంది. ఆసియా మూలాలవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మన కూలోళ్ళ ఒంట్లో ఆ ప్రోటీన్లు అదే మాట చెబుతాయా అని మన దగ్గర తూచి చూడాలి కదా?

తూచటానికి మన నెత్తురూ, మన గడ్డలూ కావాలి. ఇవ్వటానికి మేం సిద్ధమే, కానీ అడిగి తీసుకోవాలి. 2009లో ఖమ్మం జిల్లాలో హాస్టళ్ళలోని ఆదివాసీ, పేద ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రయోగం చేసినప్పుడు తల్లిదండ్రులను అడగకుండా చాలాచోట్ల వార్డెన్ల సంతకాలతో కానిచ్చారు. 2010లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు కమిటీ తీవ్రంగా తప్పుపట్టింది. పంతుళ్ళుగా ఆ సంతకాల సంగతి మేం మర్చిపోలేం. టీకా చెడ్డదని కాదు, అడగకపోవటం చెడ్డది. పరిశోధనలో మన మాట ముందు, మన గడ్డ తర్వాత.

కొన్నవాడికి ఒక లెక్క, కొనలేనోడికి ఒక లెక్క

ఇంకో సంగతి. నూటికి ఏడుగురన్న లెక్క గుంపు గురించి చెబుతుంది గానీ ఒక మనిషి గురించి చెప్పదు. చిన్నాయన ఆ 93 మందిలో ఉన్నాడో, ఏడుగురిలో ఉన్నాడో ఏ ప్రోటీనూ చెప్పలేదు. పైగా 2009 పట్టిక ఆనాటి మందుల లెక్క. రోగనిరోధక శక్తిని లేపే రెండు మందులు కలిపి ఇచ్చిన ప్రయోగం ఫలితాలు 2018లో వచ్చాయి. నడిమి, పూర్ గుంపుల రోగులను కలిపి ఏళ్ళ తరబడి గమనిస్తే, కొత్త మందులు వాడినవాళ్ళు నడిమి లెక్కన సుమారు 47 నెలలు బతికారు. పాత మందు సునిటినిబ్ వాడినవాళ్ళు 26 నెలలు. గుంపు అదే, గీతలు అవే. మందు మారితే బతుకు మారింది.

అంటే ఆయుష్షును తేల్చేది ఒంట్లో ప్రోటీన్ ఒక్కటే కాదు, ఆ మందు అందిందా లేదా అన్నది కూడా. కొన్నవాడికి 2018 లెక్క. కొనలేనోడికి 2009 లెక్క. "ఇంటికి తీసుకుపోండి" అన్న మాట విన్నోడికి ఏ లెక్కా లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మనోళ్ళు క్యాన్సర్ ఆసుపత్రి గడప తొక్కగలిగారు. అది మన ఓట్లతో, మన పన్నులతో వచ్చిన హక్కు, ఎవరి దయా కాదు. ఇప్పుడు ఆ గడప లోపల ఏ మందు దొరుకుతోందో అడగాల్సిన రోజొచ్చింది.

ఏం చేద్దాం?

కార్యకర్తలకు, పల్లె జనానికి మా విన్నపాలు ఇవి.

ఒకటి. అన్నిటికంటే చౌకైన మార్కరు ఎర్రమూత్రం. నొప్పి లేకుండా ఒక్కసారి పోయినా వేడి అని వదిలేయొద్దు. రాళ్ళు కావొచ్చు, చీము కావొచ్చు, క్షయ కావొచ్చు, క్యాన్సర్ కావొచ్చు. మూత్రపరీక్ష, కడుపు స్కానింగ్ చేయించాల్సిందే. కిడ్నీ దాటకముందే గడ్డ పట్టుబడితే అమెరికా లెక్కల్లో నూటికి 90 మందికి పైగా ఐదేళ్ళు దాటి బతుకుతున్నారు. ఒళ్ళంతా పాకాక తేలితే ఇరవైమంది కూడా కాదు. బీడీ, చుట్ట మానండి. రక్తపోటు చూపించుకోండి. ఈ క్యాన్సర్‌కు ఆ రెండూ తోడుదొంగలు.

రెండు. స్కానింగ్ యంత్రం ఏ ఆసుపత్రిలో ఉంది, తీసే మనిషి వారంలో ఎన్ని రోజులుంటాడు, మండలాలవారీగా కాగితం మీద పెట్టి కలెక్టరుకు అర్జీ ఇవ్వండి. ధర్నా చేయాల్సొస్తే దీనికే చేద్దాం.

మూడు. రోగికి గుంపు చెప్పినప్పుడు ఏయే గీతలు పడ్డాయో రాసివ్వమని అడగండి. రక్తం తక్కువన్న గీత ఉంటే, అది ఇనుము లోపమా కాదా పరీక్షించమని అడగండి. ఇనుము నిల్వ చూపే ఫెర్రిటిన్ కూడా ప్రోటీనే. అయితే క్యాన్సర్‌లో అది దానంతటదే పెరగొచ్చు, కాబట్టి ఆ ఒక్క అంకె చూసి లోపం లేదని తోసేయొద్దనండి.

నాలుగు. గడ్డ ముక్క ఉన్న మైనపు బిళ్ళ, గాజుపలకలు, రిపోర్టు నకలు అడిగి తీసుకోండి. ఇంకో డాక్టరుకు చూపించుకోటానికి అవే ఆధారం.

ఐదు. రోగికి జబ్బు సంగతి తెలుగులో, మనిషికి చెప్పినట్టు చెప్పాలి. కొడుకు చెవిలో గొణగటం కాదు. ప్రాణం చిన్నాయనది, కాగితమూ చిన్నాయనదే.

1927లో మహద్‌లో అంబేద్కర్ చెరువు నీళ్ళు దోసిట పట్టింది దాహం ఒక్కదానికే కాదు. ఊరి చెరువు మనదీ అని చెప్పటానికి. సైన్సూ అలాంటి చెరువే. దాన్ని చూసి భయపడి వెనక్కి రావద్దు, దండం పెట్టి గట్టున కూర్చోవద్దు. దిగి దోసిలి పట్టాలి. నీళ్ళలో ఏం కలిసిందో కూడా చూడాలి.

చిన్నాయనకు మేం ఉన్నదున్నట్టు చెప్పాం. నాలుగు గీతలు పడ్డాయని, వాటిలో ఏవి క్యాన్సర్‌వో, ఏవి మన బతుకువో ఇంకా తేలలేదని చెప్పాం. ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఇనుము లోపం తేలింది. కొంత నెత్తురు పోవటం వల్ల, కొంత తిండి వల్ల అన్నారు. దానికి మందిచ్చారు, క్యాన్సర్ మందూ మొదలుపెట్టారు. ప్లేట్‌లెట్లు మామూలుకొచ్చాయి. జబ్బు పోలేదు. పోతుందని మేం చెప్పం. మొన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని మనవరాలి చేత ఎక్కాలు చెప్పించుకుంటున్నాడు. ఇది పద్నాలుగో నెల.

జై భీమ్!